బాలిలో గమెలాన్ సెకాని మూలపడకుండా నడపడం ఎలా

గమెలాన్ అంటే ఇండోనేషియాలోని బాలి ద్వీపంలో గుంపుగా కూర్చుని వాయించే కంచు వాయిద్యాల సెట్టు, దాని సంగీతం కూడా. దాని గురించి ఎక్కడ చదివినా అందరూ ఆ సౌండ్ గురించే రాస్తారు, కంచు మోత, మెరుపు స్పీడు, అదీ ఇదీ. కాదనను. కానీ నాకు బుర్రలో తిరిగే ప్రశ్న వేరే. పగలంతా పొలంలోనో హోటల్ డ్యూటీలోనో ఉండి వచ్చిన పాతిక ముప్పై మంది రాత్రి కింద కూర్చుని ఒక్క దెబ్బ కూడా అటూ ఇటూ పోకుండా వాయిస్తున్నారంటే, అదీ తాతల దగ్గర్నుంచి మనవళ్ళ దాకా తెగకుండా వస్తోందంటే, దాని వెనకాల ఎవరో కూర్చుని నడుపుతూనే ఉండాలి కదా, ఆ నడిపే పని ఎలా ఉంటుంది అని. ఇది ఆ పని గురించి. మీరే బాలిలో ఒక బంజార్‌లో సెకా బాధ్యత నెత్తినేసుకున్నారనుకుని చదవండి. బంజార్ అంటే మన బంజరు భూమి కాదు లెండి, ఊళ్ళో ఒక పేట లాంటిది, పెళ్ళయిన ప్రతి జంటా అందులో సభ్యులే. సెకా అంటే ఏదైనా ఒక పని కోసం కట్టుకున్న సంఘం, గమెలాన్ వాయించే సంఘమైతే సెకా గోంగ్.

ముందు క్యాలెండర్ తియ్యండి

చాలామంది వాయిద్యాలతో మొదలుపెడదాం అనుకుంటారు, అది తప్పు. మొదట చూడాల్సింది ఈ సంగీతం ఎవరికి ఏ రోజు కావాలి అని. బాలి వాళ్ళ పవుకోన్ క్యాలెండర్‌కి 210 రోజులకి ఒక చుట్టు తిరుగుతుంది, చాలా గుళ్ళ వార్షికోత్సవం, అంటే ఓడాలన్, ఆ లెక్కనే వస్తుంది (కొన్ని గుళ్ళు చంద్రుడి లెక్క పట్టుకుంటాయి). మామూలుగా ఒక ఊరికి మూడు పెద్ద గుళ్ళుంటాయి, పుర పుసెహ్, పుర దెస, పుర దలెమ్. మూడింటికీ ఓడాలన్‌లు, ఒక్కోటి రోజుల తరబడి, ప్రతిదానికీ గమెలాన్ ఉండాల్సిందే, లేకపోతే పూజ పూర్తయినట్టు కాదు. ఇవి కాక ఒక్కో పనికి ఒక్కో రకం గమెలాన్, శవదహనాలకి ఆంగ్‌క్లుంగ్, ఊరేగింపులకి నడుస్తూ వాయించే బెలెగంజూర్, పళ్ళు అరగదీసే సంస్కారానికి గెందేర్ వాయాంగ్, న్యెపి, అంటే బాలి వాళ్ళ కొత్త సంవత్సరం, దాని ముందు రోజు సాయంత్రం ఓగోహ్ ఓగోహ్ అనే పెద్ద భూతాల బొమ్మల్ని కుర్రాళ్ళు మోసుకెళ్తుంటే మళ్ళీ బెలెగంజూర్.

ఇవన్నీ ఒక కాగితం మీద రాసి బలే బంజార్ గోడకి అంటించండి. బలే బంజార్ అంటే పేట వాళ్ళంతా కూడే మంటపం, ప్రాక్టీసూ అక్కడే, వాయిద్యాలు ఉండేదీ చాలాచోట్ల అక్కడే. డేట్ లేని ప్రాక్టీసు ఓ వారం నడుస్తుంది, తర్వాత ఒకడికి జలుబు, ఇంకొకడికి మేనత్త ఊరి ప్రయాణం. అదే ఓడాలన్ ఇంకా నలభై రోజులు అని గోడ మీద కనపడుతుంటే ఎవడూ నోరెత్తడు. నా లెక్కలో బాలి గమెలాన్ బతికుండటానికి అసలు కారణం ఇదే, దాన్ని ఎవరో "కాపాడుతున్నారు" కాబట్టి కాదు, వచ్చే నెల దానితో పనుంది కాబట్టి. 2021లో యునెస్కో ఇండోనేషియా గమెలాన్‌ని తన లిస్టులో పెట్టింది, సంతోషమే, కానీ ఆ సర్టిఫికెట్ చూసి రాత్రి ఎనిమిదింటికి ప్రాక్టీసుకి వచ్చేవాడు ఎవడూ ఉండడు.

మనుషుల్ని కూడగట్టడం

గుడిలో వాయించినందుకు జీతం ఉండదు. దాన్ని ఙయాహ్ అంటారు, దేవుడికీ ఊరికీ చేసే సేవ. మరి డబ్బు లేనప్పుడు మనుషుల్ని ఎలా కట్టిపడేస్తారంటే, మాట మీద, సిగ్గు మీద, కొంచెం జరిమానా మీద. సెకాకి రాసుకున్న నియమాలుంటాయి, రాకపోతే ఎంత, లేటుగా వస్తే ఎంత, ఆ డబ్బు సంఘం డబ్బాలోకి. ఈ జరిమానా మరీ పెద్దది పెట్టకండి, కట్టలేక మానేస్తాడు, మరీ చిన్నది పెడితే కట్టేసి ఇంట్లో పడుకుంటాడు. అందరి ముందు పేరు చదివితే చాలు, సగం పని అక్కడే అయిపోతుంది. ప్రాక్టీసుకి పిలవడానికి కుల్‌కుల్ ఉంది, పెద్ద చెక్క దుంగని తొలిచి చేసింది, దాని మీద కొడితే పేటంతా వినపడుతుంది. ఇప్పుడు వాట్సాప్ గ్రూపూ పెట్టుకోండి, కానీ కుల్‌కుల్ మానకండి, ఫోన్‌లో "చూడలేదు" అనొచ్చు, కుల్‌కుల్‌కి "వినలేదు" అంటే నమ్మేవాళ్ళు లేరు.

ఇంకొకటి, బయటి ఊళ్ళ నుంచి మంచి మంచి వాయిద్యగాళ్ళని ఏరుకొచ్చి టీమ్ కట్టాలన్న ఆశ వస్తుంది, ముఖ్యంగా పోటీలు దగ్గరపడినప్పుడు. ఒకే పేట వాళ్ళతో కట్టిన గుంపుని బాలిలో సెబునన్ అంటారు, సెబున్ అంటే గూడు, అచ్చం మనం ఒకే గూటి పక్షులు అన్నట్టే. ఏరుకొచ్చిన టీమ్ ఒక ట్రోఫీ తెస్తుంది, కానీ పోటీ అయిపోయిన మర్నాడు మీ గుడిలో వాయించడానికి ఎవరున్నారో లెక్కపెట్టుకోండి. గూటి పక్షుల్ని నమ్ముకోండి, కాస్త నెమ్మదైనా పర్లేదు.

ప్రతి వాయిద్యానికీ కనీసం ఇద్దరు వాయించడం వచ్చినవాళ్ళు ఉండాలి, ఇది చాలామంది దెబ్బ తిన్నాక నేర్చుకునే సంగతి. కారణం బద్ధకం కాదు, మైల. ఇంట్లో చావు జరిగితే కొన్నాళ్ళు గుళ్ళోకి వెళ్ళకూడదు, దాన్ని సెబెల్ అంటారు, మనకి బాగా తెలిసిన విషయమే. సరిగ్గా ఓడాలన్ ముందు రోజు మీ ఉగల్ వాయించేవాడి ఇంట్లో పెద్దాయన పోతే, ఉగల్ అంటే గంగ్సాలనే కంచు రేకుల వాయిద్యాల వరస మొత్తాన్ని నడిపించే వాయిద్యం, అప్పుడు ఏం చేస్తారు? ఆడవాళ్ళ సెకా అయితే నెలసరి వల్ల కూడా గుడిలోకి రాలేరు కాబట్టి అక్కడ ఇద్దరు కాదు, ముగ్గురు ఉంటే నయం.

ఆడవాళ్ళ గురించి ఎలాగూ వచ్చింది కాబట్టి చెప్తున్నా. ఒకప్పుడు గమెలాన్ మగవాళ్ళ పనే, ఆడవాళ్ళు డాన్స్ చేసేవాళ్ళు, నైవేద్యాలు కట్టేవాళ్ళు. 1980లలో ఆడవాళ్ళ గోంగ్ కెబ్యార్ గుంపులు పైకొచ్చాయి (గోంగ్ కెబ్యార్ అంటే ఇప్పుడు బాలి అంతటా ఉన్న గమెలాన్ రకం), ఇప్పుడు బాలి రాజధాని డెన్‌పసార్‌లో జరిగే బాలి ఆర్ట్స్ ఫెస్టివల్‌లో పిల్లలు, ఆడవాళ్ళు, పెద్దవాళ్ళు అని విడివిడిగా విభాగాలున్నాయి. కానీ చాలా పేటల్లో జరిగేదేంటంటే మగవాళ్ళు వద్దనుకున్న రోజులు, మిగిలిపోయిన టైము వీళ్ళకి ఇస్తారు, పైగా ఓడాలన్ ముందు రెండు వారాలు బంతెన్‌లు, అంటే నైవేద్యాలు తయారుచేసే పని అంతా వాళ్ళ నెత్తి మీదే ఉంటుంది. అదే టైములో రోజూ ప్రాక్టీసుకి రమ్మంటే ఎలా వస్తారు. వాళ్ళ ప్రాక్టీసు ఒక నెల ముందే మొదలుపెట్టి, ఆ చివరి రెండు వారాలు వదిలెయ్యండి.

వాయిద్యాలు

వాయిద్యాలు ఒక మనిషివి కావు, బంజార్‌వి లేదా గుడివి. ఇది రాసి పెట్టుకోండి. లీడర్ ఇంట్లో పెడితే రేపు ఆ లీడర్‌తో గొడవ వస్తే సెకా సగానికి చీలిపోతుంది.

గోంగ్ కెబ్యార్ సెట్టు అంటే పది కంచు రేకులుండే గంగ్సాలు, వాటికంటే నెమ్మదిగా నడిచే జుబ్లగ్‌లు, ఇంకా నెమ్మదిగా జెగోగన్‌లు, నలుగురు పక్కపక్కన కూర్చుని వాయించే 12 గిన్నెల రెయోంగ్, రెండు కెందాంగ్ డ్రమ్ములు (ఒకటి ఆడది ఒకటి మగది), చెంగ్‌చెంగ్ తాళాలు, తాళం పట్టే చిన్న గిన్నె గంటలు, ఆ పైన పెద్ద గోంగ్‌లు. స్వరాలు అయిదు, మన సరిగమల్లాగా వాళ్ళకి డింగ్ డోంగ్ డెంగ్ దుంగ్ దాంగ్.

ఆర్డర్ ఇవ్వాలంటే పాందేల దగ్గరకి వెళ్ళాలి. పాందే అంటే లోహం పని చేసే వంశం, క్లుంగ్‌కుంగ్ జిల్లాలో తిహింగన్, గియాన్యార్‌లో బ్లహ్‌బతుహ్, ఉత్తరాన బులెలెంగ్‌లో సవాన్, ఇలా కొన్ని ఊళ్ళు దీనికి పేరు పడ్డాయి. దాదాపు పది పాళ్ళు రాగికి మూడు పాళ్ళు తగరం. పెద్ద గోంగ్‌లు మాత్రం జావా నుంచి తెప్పించుకోవడం మామూలే.

కొనేటప్పుడు వినాల్సింది ఒకటే, అల. గమెలాన్‌లో వాయిద్యాలు జంటలుగా ఉంటాయి, జంటలో ఒకటి కావాలనే రవ్వంత కింద శ్రుతిలో, ఇంకోటి రవ్వంత పైన చేస్తారు, కిందది పెంగుంబంగ్, పైది పెంగిసెప్. రెండూ ఒక్కసారి కొడితే సౌండ్ అలలు అలలుగా ఊగుతుంది, దాన్నే ఓంబక్ అంటారు, ఆ మాటకి అర్థమే అల. ఆ ఊగుడే గమెలాన్‌కి ప్రాణం, అది లేకపోతే ఉత్త కంచు రేకుల చప్పుడు. సెకనుకి సుమారు ఆరేడు అలలు వస్తాయి, ఇది ప్రతి జంటలోనూ దాదాపు ఒకే వేగంలో ఊగుతోందా లేదా అని ఒక్కో రేకూ కొట్టి వినండి, తొందరపడొద్దు, కాఫీ తాగి మళ్ళీ వినండి. పైగా ఏ రెండు సెట్ల శ్రుతీ ఒకటి కాదు, పక్క బంజార్ నుంచి ఒక గంగ్సా అప్పు తెచ్చుకుని మీ సెట్టులో కలుపుదాం అంటే కుదరదు. ఒక సెట్టు ఒక కుటుంబం లాంటిది, అల్లుడిని తెచ్చి కొడుకు స్థానంలో కూర్చోబెట్టలేం.

కొత్త కంచు వెంటనే కుదురుకోదు, శ్రుతి కొన్నేళ్ళ పాటు కదులుతూనే ఉంటుంది, కాబట్టి పాందేని మళ్ళీ పిలిపించే ఖర్చు మొదట్లోనే లెక్కలో వేసుకోండి. ఆయన రేకు చివర్లు అరగదీస్తే స్వరం పైకి పోతుంది, అడుగున మధ్యలో గీకితే కిందకి దిగుతుంది. మీరు మాత్రం ఆకురాయి ముట్టుకోకండి, గీకిన కంచు మళ్ళీ రాదు.

రోజువారీ జాగ్రత్తలు చిన్నవే. రేకుల్ని వేలాడదీసే తోలు తాళ్ళు సాగుతాయి, చూస్తుండాలి. రేకుల కింద ఉండే వెదురు గొట్టాలకి పగుళ్ళొస్తే ఆ స్వరం మూగబోతుంది. వాయిద్యాల మీద నుంచి దాటకూడదు, ఎంత అడ్డంగా ఉన్నా చుట్టూ తిరిగే వెళ్ళాలి, చిన్నపిల్లలకి మొట్టమొదట నేర్పేది ఇదే. 210 రోజులకోసారి తుంపెక్ క్రులుత్ అనే శనివారం వస్తుంది, ఆ రోజు వాయిద్యాలకి పూజ. నేనైతే దీన్ని మెయింటెనెన్స్ డే కింద కూడా వాడమంటాను, ఎలాగూ అన్నీ బయటికి తీసి తుడిచి నైవేద్యం పెడతారు కదా, అప్పుడే ఏ తాడు తెగేలా ఉంది, ఏ చెక్క పుచ్చింది అని చూసేయండి. భక్తీ పనీ ఒకేసారి అయిపోతాయి.

నేర్పడం

ఇక్కడ స్వరలిపి కాగితాలు పంచకండి. లేవని కాదు, కాలేజీల్లో వాడతారు, కానీ సెకాలో నేర్పే పద్ధతి పేరే మెగురు పంగ్గుల్, అంటే వాయించే సుత్తే గురువు అని. పంగ్గుల్ అంటే ఆ చిన్న సుత్తి. గురువు గంగ్సాకి అవతలి వైపు, మీకు ఎదురుగా కూర్చుని అటు నుంచి తిరగేసి వాయిస్తుంటాడు, మీరు ఆయన సుత్తి ఏ రేకు మీద పడుతోందో చూసి అదే క్షణంలో దాని మీద కొట్టాలి. ఆపి వివరించడం ఉండదు. మొదట అంతా తప్పే పడుతుంది, పదోసారికి చెయ్యి దానంతటది వెళ్తుంది. ముక్క ముక్కగా వచ్చాక మొత్తం కలుపుతారు. ఒక చేత్తో కొడుతూ రెండో చేత్తో వెనకాలే అంతకుముందు కొట్టిన రేకుని పట్టుకుని మూగ చెయ్యాలి, ఈ రెండో చెయ్యే కష్టం, కొత్తవాళ్ళు అందరూ దీని దగ్గరే ఆగిపోతారు, కాబట్టి మొదటి నెలంతా నెమ్మదిగా ఉండే పాటల మీదే ఉంచండి.

కోతేకన్ నేర్పేటప్పుడు మాత్రం ఒక పొరపాటు చెయ్యకండి. కోతేకన్ అంటే ఒకరు పోలోస్, ఇంకొకరు సాంగ్‌సిహ్, ఒకరి ఖాళీల్లో ఇంకొకరు కొడతారు, రెండూ కలిస్తే ఒక్క మనిషి చెయ్యలేని స్పీడులో ఒక్క వరస వినపడుతుంది. వీటిని విడివిడిగా ఇంట్లో నేర్చుకుని రమ్మంటే ఇద్దరూ సొంతంగా పర్ఫెక్ట్‌గా వస్తారు, కూర్చోగానే ఢీకొంటారు. మొదటి రోజు నుంచే జంటగా కూర్చోబెట్టండి, అదీ ఎప్పుడూ అదే జంటని. అన్నదమ్ములో, బడి నుంచి స్నేహితులో అయితే ఇంకా మంచిది. కొన్నాళ్ళకి వాళ్ళ ఊపిరి కూడా కలిసిపోతుంది, అతిశయోక్తి కాదు.

పిల్లల్ని ప్రత్యేకంగా "క్లాసు"కి పిలవడం కంటే పెద్దల ప్రాక్టీసు దగ్గర తిరగనివ్వడం ఎక్కువ పని చేస్తుంది. తండ్రి ఒళ్ళో కూర్చుని నిద్రపోయే పిల్లాడికి కూడా పాట తలకెక్కుతుంది. తరిమేయకండి, అరుస్తారని విసుక్కోకండి. సుత్తి పట్టేంత చెయ్యి వచ్చాక వాళ్ళకంటూ ఒక గుంపు పెట్టండి. ఉబుద్ దగ్గర పెంగొసెకన్‌లో 1997లో మొదలైన సుదామణి అనే బృందాన్ని చూడండి, విదేశాలు తిరిగే స్థాయి వాయిద్యగాళ్ళు అక్కడ ఊరి పిల్లలకి, ఆడపిల్లల గుంపులకి కూడా నేర్పుతుంటారు.

బయటి నుంచి కోచ్ కావాలంటే కొరత లేదు. డెన్‌పసార్‌లో 1960లో సంగీతం హైస్కూల్ వచ్చింది, 1967లో కాలేజీ, అదే పెరిగి 2003కి ఐఎస్ఐ అనే పూర్తి స్థాయి కళల విద్యాసంస్థ అయింది. అక్కడ చదివినవాళ్ళు ద్వీపమంతా కోచ్‌లుగా వెళ్తారు. మంచిదే, కానీ దీనికో నష్టముంది, దాని గురించి బాలిలోనే చర్చ నడుస్తుంటుంది. అందరూ ఒకే చోట చదివి అవే పాటలు, అదే స్టైల్ పట్టుకొస్తే మీ ఊరి పాత వాయింపు నెమ్మదిగా చెరిగిపోతుంది. కాబట్టి కోచ్ వచ్చే ముందే మీ ఊరి ముసలాయన్ని కూర్చోబెట్టి ఆయనకి మాత్రమే గుర్తున్నవి వాయించి చూపించమనండి, ఫోన్‌లో ఎదురుగా చేతులు కనపడేలా వీడియో తీయండి. ఆయన ఉన్నప్పుడే.

కొత్తది ఎలా తేవాలి, ఎంత తేవాలి

"సంప్రదాయం అంటే మార్చకూడదు" అనేవాళ్ళకి గోంగ్ కెబ్యార్ కథ చెప్పండి. ఇవాళ బాలి అంతటా ఉన్న ఈ స్టైల్ 1915 ప్రాంతంలో ఉత్తర బాలిలో పుట్టింది, కెబ్యార్ అంటేనే భగ్గుమనడం. అది ఎంత పిచ్చిగా పాకిందంటే ఊళ్ళకి ఊళ్ళు తమ పాత వాయిద్యాలు, రాజుల కాలం నాటి గోంగ్ గెదేలు, సెమర్ పెగులింగన్‌లు, కరిగించేసి కెబ్యార్ సెట్లు పోయించుకున్నాయి. తబనాన్ నుంచి ఐ మారియో అనే డాన్సర్ 1920లలో కూర్చునే చేసే కెబ్యార్ డాన్స్ ఒకటి తయారుచేశాడు, ఇప్పుడది క్లాసిక్. అదే మారియో 1952లో పెలియాతన్ అనే ఊరి బృందం అమెరికా టూర్ కోసం ఓలెగ్ డాన్స్ చేశాడు, ఫారిన్ ప్రోగ్రాం కోసం పుట్టింది, ఇప్పుడు ఊరూరా ఆడపిల్లలు నేర్చుకుంటారు.

కాబట్టి కొత్తదానికి భయపడక్కర్లేదు, కానీ కరిగించడం మాత్రం వద్దు. ఆ రోజుల్లో పోయిన సెమర్ పెగులింగన్‌ల కోసం తర్వాత ఎంత వెతుక్కున్నారో. వాయన్ బెరాత అనే గొప్ప సంగీతకారుడు 1980లలో ఏడు స్వరాల పాత సెమర్ పెగులింగన్‌నీ కెబ్యార్‌నీ ఒకే సెట్టులో కలిపి సెమరందన తయారుచేశాడు, పోయినది వెనక్కి తెచ్చుకోవడానికి ఇదొక తెలివైన దారి. ఇంకో దారి రికార్డింగులు. 1928లో ఓడియన్, బెకా కంపెనీలు బాలిలో రికార్డు చేసిన డిస్కులు ఆ రోజుల్లో అమ్ముడుపోలేదు, ఎడ్వర్డ్ హెర్బ్‌స్ట్ అనే ఆయన చాలా ఏళ్ళు పట్టి ప్రపంచమంతా వెతికి వాటిని పోగుచేసి తిరిగి బాలికి తీసుకొచ్చాడు. మీ ఊరిది అందులో ఉందేమో వినండి, ఉంటే అంతకంటే మంచి కొత్త ఐటెం ఉండదు, పాతదే అయినా.

కొత్త పాట, క్రెయాసి బారు అంటారు, దాన్ని ఎవరైనా కంపోజర్‌తో చేయించుకోవాలంటే ఆర్ట్స్ ఫెస్టివల్ మంచి సాకు. 1979 నుంచి ఏటా జూన్ జూలైల్లో జరుగుతోంది, ఎనిమిది జిల్లాలూ, డెన్‌పసార్ నగరమూ తమ తమ గుంపుల్ని పంపుతాయి, ఎదురెదురుగా కూర్చుని వాయిస్తుంటే జనం క్రికెట్ మ్యాచ్‌లో లాగా అరుస్తారు, తప్పు పడితే వెక్కిరిస్తారు కూడా. పోటీ కోసం నెలల తరబడి రోజూ ప్రాక్టీసు పెడతారు, ఆ కాలంలో మీ కుర్రాళ్ళ స్థాయి రెండింతలవుతుంది. ఒక్క షరతు, పోటీ పాట మీద ఎంత టైము పెడితే గుడిలో వాయించే నెమ్మది లెలంబతన్ మీద కనీసం దాంట్లో సగమైనా పెట్టండి. కుర్రాళ్ళకి లెలంబతన్ బోరు, ఒక గోంగ్ దెబ్బ నుంచి ఇంకో దెబ్బకి చాలా దూరం, మధ్యలో దారి తప్పకుండా ఉండటమే అందులో గొప్ప. అది వచ్చినవాడికి స్పీడు తర్వాత ఎలాగైనా వస్తుంది, స్పీడు మాత్రమే వచ్చినవాడు గుడిలో ఓడాలన్ రాత్రి చేతులెత్తేస్తాడు.

ఇంకా దూరం పోదామనుకునే కంపోజర్ ఎవరైనా మీ సెకాలో పుడితే ఆపకండి, కానీ ఊరి సెట్టు మీద కాకుండా వేరే సెట్టు చూసుకోమనండి. దేవ అలిత్ అలాగే చేశాడు, 2007లో గమెలాన్ సలుకత్ అని సొంత బృందం, తనే ఆలోచించుకున్న కొత్త శ్రుతి. ఊరి పని ఊరిది, ప్రయోగం ప్రయోగానిది.

టూరిస్టులు, డబ్బులు

హోటల్ ప్రోగ్రాములు వద్దనను, కొత్త తాళ్ళకి, పాందే ఫీజుకి, రాత్రి కాఫీలకి డబ్బు అక్కడి నుంచే రావచ్చు. కానీ మొదటి ప్రోగ్రాం ఒప్పుకునే ముందే ఒక మీటింగ్ పెట్టి ఏది స్టేజీ ఎక్కొచ్చు ఏది ఎక్కకూడదు తేల్చుకోండి. దీనికి దారి బాలి వాళ్ళే వేసుకున్నారు, 1971లో ఒక సెమినార్‌లో కళల్ని మూడు రకాలుగా విడదీశారు, గుడి లోపలి పూజలో భాగమైన వలి, పూజకి తోడుగా ఉండే బెబలి, చూడ్డానికి మాత్రమే ఉండే బలిహ్ బలిహాన్. అమ్మేది మూడోదే. డబ్బు వచ్చినప్పుడు సగం సంఘానికి, సగం వాయించినవాళ్ళకి అనో, ఇంకో లెక్కో, ఏదో ఒకటి ముందే రాసుకోండి, నోటి మాట మీద పెట్టుకుంటే రెండో ప్రోగ్రాంకే తగాదా. ఓడాలన్ తేదీకి హోటల్ బుకింగ్ అడ్డొస్తే ఏది వదులుకోవాలో వేరే చెప్పక్కర్లేదు, అయినా ఆ రూల్ కూడా రాసే ఉంచండి.

చివరిగా ఓడాలన్ అయిన రాత్రి పని ఒకటి ఉంటుంది, అందరూ అలిసిపోయి ఇంటికి పోదామని చూస్తుంటారు. వదలకండి. ముందు పంగ్గుల్‌లు లెక్కపెట్టించండి, ఎప్పుడూ ఒకటో రెండో తక్కువొస్తాయి, ఏ పిల్లాడో జేబులో వేసుకుపోతాడు. చెంగ్‌చెంగ్ తాళాలు చూసుకోండి. గోంగ్‌లని గుడ్డ కప్పి లోపల పెట్టండి. తర్వాత గోడ మీద కాగితం తీసి 210 రోజులు లెక్కపెట్టి కొత్త తేదీ వేసి మళ్ళీ అంటించి, అప్పుడు లైట్ ఆపండి.